శుశ్రూషకు కొలత

ఆసుపత్రిలో రోగిని చూడబోయినవానికి మంచానికి తగిలించిన చీటీ ఒకటి కనబడుతుంది. జ్వరమెంత, నాడి ఎంత, మందు ఏ వేళకు ఇచ్చినారు, రాత్రి ఎవరు చూచినారు, ఇవన్నీ అందులో ఉంటాయి. చూడబోయినవానికి వైద్యం తెలియకపోయినా, ఎవరో ఒకరు లెక్క వ్రాస్తున్నారన్న ధైర్యం కలుగుతుంది. ఇంటిలో మంచం పట్టిన మనిషికి ఆ చీటీ లేదు. పగలు పరామర్శకు వచ్చినవారు పగటిని చూచి వెళ్తారు. రాత్రి ఎట్లా గడిచినదో ఆ మనిషికీ, అతనిని పక్కకు ఒత్తిగిలజేసినవారికీ మాత్రమే తెలుసు. ఒత్తిగిలజేసేవారే లేని రాత్రులూ ఉంటాయి. అట్టి ఇంటికి వెళ్ళి, అక్కడ జరుగుతున్న సేవ మంచిదో చెడ్డదో తేల్చి చెప్పడం ఎట్లా? ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇక్కడ ఇల్లు చూచినంత మాత్రాన చాలదు. తుడిచిన నేల, ఉతికిన దుప్పటి, వరుసగా పేర్చిన మందుసీసాలు వచ్చేవారి కోసం సర్దినవీ కావచ్చు.

పూర్వం ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదు. సేవ చేసేది భార్యో, కూతురో, కోడలో కాబట్టి దానిని పరీక్షించవలసిన పనిలేదనుకున్నారు. కోడలి సేవకు కొలత పెట్టినవారు ఎప్పుడైనా ఉన్నారంటే, తప్పు పట్టడానికే పెట్టినారు. ఇప్పుడు కాలం మారినది. 2011 జనాభా లెక్కలలో మన దేశాన 60 ఏండ్లు నిండినవారు ఇంచుమించు 10 కోట్ల 38 లక్షలు, నూటికి 8.6 మంది. కేరళలో ఆ సంఖ్య అప్పటికే నూటికి 12.6. పిల్లలు దూరదేశాలకు వెళ్ళినారు. ఇంటనున్న స్త్రీలు ఉద్యోగాలకు వెళ్తున్నారు. సేవ ఇంటివారి చేతినుండి జీతం పుచ్చుకొనేవారి చేతికీ, ధర్మసంస్థల చేతికీ, కొన్నిచోట్ల పంచాయతీల చేతికీ పోయినది. చేయి మారిన తరువాత పరీక్ష తప్పదు. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమాల చట్టం 2007లో వచ్చినది. పిల్లలు చూడని వృద్ధునికి నెలకు 10,000 రూపాయలకు మించకుండా భరణం ఇప్పించే అధికారాన్ని ఆ చట్టం న్యాయాధికరణానికి ఇచ్చినది. అన్నం, బట్ట, వసతి, వైద్యం అందులో చేరినవి. ఆ అన్నాన్ని నోటికి అందించే చేయి ఎట్లా ఉండాలో చట్టం చెప్పలేదు. అది చట్టం చెప్పగలిగిన సంగతి కాదు కాబోలు.

భాషను అడిగితే మాత్రం కొంత చెబుతుంది. రోగికి చేసే ఉపచారానికి తెలుగులో ‘శుశ్రూష’ అంటారు. ఈ సంస్కృత శబ్దానికి వినవలెననే కోరిక అని మూలార్థం. గురువు మాట వినగోరే శిష్యుని వినయం నుండి బయలుదేరి, కాలక్రమాన రోగి మంచం దగ్గరకు వచ్చి నిలిచినది. హిందీ ప్రాంతాలలో ఇదే పనికి ‘తీమార్‌దారీ’ అని మరొక మాట ఉన్నది. అది పారసీకం నుండి వచ్చినది. ఆ భాషలో ‘తీమార్’ అంటే సంరక్షణ అనీ, దుఃఖం అనీ రెండర్థాలు. ఒక భాష చెవిని కోరినది. ఒక భాష గుండెను కోరినది. ఆశ్చర్యమేమంటే, రెండింటిలోను మందు ప్రసక్తి లేదు.

సేవ గుణాన్ని ఎట్లా కొలవాలనే విచారాన్ని శాస్త్రంగా తీర్చినవారిలో ముందు చెప్పుకోదగినవాడు అవెదిస్ డొనబేడియన్. ఆర్మీనియను కుటుంబంలో బేరూత్ నగరాన జన్మించి, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన వైద్యుడు. 1966లో ఆయన ప్రకటించిన దీర్ఘవ్యాసం ఆసుపత్రుల పరీక్షకు నేటికీ పునాదిగా ఉన్నది. గుణాన్ని మూడుచోట్ల వెదకాలన్నాడు: ఉన్న సాధనసంపత్తిలో, పని జరిగిన తీరులో, కలిగిన ఫలితంలో. వంటింటి మాటగా చెప్పుకొంటే, సామాను ఉన్నదా, వండడం తెలుసా, తిన్నవానికి ఆకలి తీరినదా అన్నట్లు. మూడింటిలో ఏ ఒక్కటీ తక్కిన రెంటికి బదులు నిలబడదు. వెండిగిన్నెలున్న ఇంట అన్నం మాడిపోవచ్చు.

ఈ మూడును ఇంటిసేవకు అన్వయింపజూస్తే మొదటి రెండు ఎట్లాగో కుదురుతాయి. మూడవదానితో చిక్కు వస్తుంది. ఫలితమంటే ఏమిటి? కాలు విరిగినవాడు నడిస్తే అది ఫలితం. పక్షవాతంతో పదేండ్లుగా పడిఉన్న మనిషికి, మతి తప్పుతున్న ముదుసలికి, క్యాన్సరు ముదిరి వైద్యులు చేతులెత్తిన గృహస్థుకు ఏది ఫలితం? 1965లో అమెరికాలో వెలువడిన బార్తెల్ కొలత ఒకటి ఉన్నది. తినడం, స్నానం, బట్టకట్టడం, మెట్లెక్కడం మొదలైన పది పనులకు మార్కులు వేసి, మొత్తం 100కు కూడుతారు. మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో తెలుసుకోవడానికి అది చాలా ఉపయోగం. అయితే మొన్న 40 ఉండి నేడు 25కు దిగిన మనిషికి మంచి సేవ అందలేదని దానివలన చెప్పరాదు. ఆ దిగడం వ్యాధి స్వభావం కావచ్చు. ఆ దిగే దారిలో అతనికి నొప్పి లేకుండా చూచినారా, సిగ్గు కాపాడినారా అన్న లెక్కకు అందులో గడి లేదు.

అందుచేత అనుభవజ్ఞులైన నర్సులు పెద్ద కొలతలు పక్కనబెట్టి ముందు వీపు చూస్తారు. మంచం పట్టినవారికి నడుము దిగువ ఎముక మీద, మడమల మీద, తుంటి పక్కల పుండు పడుతుంది. శరీరభారం ఒకేచోట ఆనడంవలన నెత్తురు ఆడక చర్మం చచ్చి పడే పుండు అది. రెండు గంటలకొకసారి పక్క మార్చాలని పాత నియమం. పుండు పడకముందు చర్మం కందుతుంది. వ్రేలితో నొక్కి వదలినప్పుడు ఆ ఎరుపు తెల్లబడకపోతే ఆపద దగ్గరకు వచ్చినదని గుర్తు. ఆ ఎరుపు తెల్లవారి చర్మం మీద కనబడినంత తేటగా మన చామనచాయ చర్మం మీద కనబడదు. ఇక్కడ చేతివెనుకతో తాకి వెచ్చదనం చూడాలి, ఒత్తి గట్టిదనం చూడాలి. కన్ను చాలనిచోట చేయి కావాలన్నమాట. ప్రయత్నమెంత చేసినా కొందరికి పుండు పడుతుంది, నిజమే. కాని పడిన పుండు ఎవరికీ తెలియకుండా పదిరోజులు పెరిగినదంటే, ఆ ఇంట పదిరోజులుగా ఆ వీపును ఎవరూ చూడలేదని అర్థం. దీనిని ఏ సర్దుబాటూ దాచలేదు. వచ్చేవారికోసం దుప్పటి మార్చవచ్చు, వీపు మార్చలేరు.

గోళ్ళు కూడా అంతే. నోరు కూడా అంతే. నాలుక మీద పూత కట్టినదా, పెదవులు పగిలినవా, మంచినీళ్ళ గ్లాసు చేతికందే దూరంలో ఉన్నదా, లేక బల్లమీద అందంగా మూతపెట్టి గదికి ఆ మూలన ఉన్నదా? మంచి సేవ లోపాన్ని నీళ్ళగ్లాసు దూరంతో కొలవవచ్చునంటే పండితులు నవ్వవచ్చు. దాహమైన మనిషి నవ్వడు.

ఇక రోగినే అడగరాదా అంటారు. అడగాలి. కాని మన దేశంలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ముందే తెలుసు. ఉత్తరాదిన ‘సబ్ ఠీక్ హై’ అంటారు. ఇక్కడ ‘బాగానే చూస్తున్నారు బాబూ’ అంటారు. ఆ మాట అనేటప్పుడు కళ్ళు తలుపువైపు తిరిగి ఉంటాయి. తలుపు దగ్గర ఉన్నది కొడుకో, ఆయావో కావచ్చు. అడిగినవాడు అరగంటలో వెళ్ళిపోతాడు. ఆయా రాత్రంతా ఉంటుంది. మలమూత్రాలకు ఎవరిపై ఆధారపడినారో వారిమీద ఎవరు ఫిర్యాదు చెబుతారు? ‘మీకు తృప్తిగా ఉన్నదా’ అని అచ్చువేసిన కాగితం మీద నూటికి తొంభైమంది ఉన్నదనే వ్రాసినా, ఆ తొంభైలో భయం ఎంత, మర్యాద ఎంత, నిజం ఎంత అన్నది వేరు చేయలేము. తృప్తిని గూర్చి అడగకుండా, జరిగిన సంగతిని గూర్చి అడిగితే మేలు. నిన్న పొద్దున్న ఏ వేళకు లేపినారు? ఆ వేళ ఎవరు నిర్ణయించినారు? స్నానానికి నీళ్ళు కాచిన తరువాత చెప్పినారా, ముందే అడిగినారా? రాత్రి పిలిస్తే ఎంతసేపటికి వచ్చినారు? ఈ ప్రశ్నలకు అబద్ధం చెప్పడం కష్టం. ఎందుకంటే ఇవి నిందలుగా వినబడవు.

కేరళలో జరిగినదానిని ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. భారతదేశంలో ఇంటిసేవను గూర్చి మాట్లాడేవారు అక్కడికి పోక తప్పదు. 1993లో కోజికోడ్‌లో, వైద్యకళాశాలను ఆశ్రయించుకొని, పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఏర్పడినది. మత్తువైద్యంలో ఆచార్యుడైన ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరుడు సురేశ్ కుమార్ దాని స్థాపకులలోనివారు. తగ్గని రోగాలతో బాధపడేవారికి బాధను తగ్గించడం వారి ఉద్దేశం. త్వరలోనే ఒక సంగతి తెలిసివచ్చినది. మొదటిసారి బస్సెక్కి వచ్చిన రోగి రెండవసారికి బస్సెక్కలేకపోతున్నాడు. సేవ అత్యవసరమైన వేళకే రోగి కనబడకుండా పోతున్నాడు. రోగి రాలేనప్పుడు సేవయే ఇంటికి పోవాలి. 2000 ప్రాంతాల మలప్పురం మొదలైన జిల్లాలలో ఇరుగుపొరుగువారే స్వచ్ఛందసేవకులై ఈ పనిని పంచుకొన్నారు. కొద్దిగంటల పాఠం విని, నర్సుతో కలసి కొన్ని ఇండ్లు తిరిగి, తమ వీధిలోని రోగులను తామే చూచుకొనే ఏర్పాటు అది. 2008లో కేరళ ప్రభుత్వం దీనిని తన విధానంగా ప్రకటించినది. మన దేశంలో అట్టి విధానం ప్రకటించిన మొదటి రాష్ట్రం అదే. పంచాయతీలు నర్సులను పెట్టుకొన్నవి. 2010లో ఒక ఆంగ్ల పరిశోధన సంస్థ 40 దేశాలలో అంత్యకాలపు సేవను తూచి చూచినప్పుడు భారతదేశానికి 40వ స్థానం వచ్చినది. ఆ నివేదికే కేరళను ప్రత్యేకించి మెచ్చుకొన్నది. కడపటి దేశంలో మేలైన మూల ఒకటి ఉండడం మన దేశానికి కొత్తకాదు.

ఈ ఏర్పాటును డొనబేడియన్ మొదటి ప్రమాణంతో చూస్తే బీదది. ఒక నర్సు, ఒక సంచి, ఒక జీపు. వారానికొకసారో, నెలకొకసారో రావడం. వారానికి 168 గంటలు. సేవాబృందం గంటసేపు ఉన్నదనుకొన్నా మిగిలినవి 167. ఇంటిసేవ బాగోగులు తెలిసేది ఆ ఒక్క గంటలో కాదు, ఈ 167 గంటలలో. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో గృహిణులకోసం వ్రాసిన శుశ్రూష గ్రంథంలో, తానున్నప్పుడు చేసే పని తాను లేనప్పుడు కూడ జరిగేట్లు చూడగలగడమే నర్సు నేర్పు అన్న భావాన్ని ఒక ప్రకరణమంతా విస్తరించినది. కోజికోడ్ వారు ఆ పుస్తకాన్ని అనుసరించినారని కాదు. అవసరమే వారికి దానిని నేర్పినది. వచ్చిన నర్సు పుండు కడిగి వెళ్ళిపోదు. కడగడం ఇంటివారి చేత చేయించి చూస్తుంది. క్యాన్సరు పుండు కుళ్ళి వాసన వేసేటప్పుడు మెట్రోనిడజోల్ మాత్రలను నలగగొట్టి పొడిగా చల్లితే వాసన తగ్గుతుంది. ఖరీదులేని వైద్యం. దానివలన పుండు మానదు. అయితే గది గడప దాకా వచ్చి నిలిచిపోయిన మనుమడు లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. ఇది ఫలితం అవునా, కాదా? ఏ పట్టికలో వ్రాస్తారు?

నొప్పిమాటా అంతే. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిను అగ్గువ మందు. మత్తుపదార్థాల చట్టం 1985లో వచ్చిన తరువాత అనుమతుల చిక్కులవలన అది ఆసుపత్రులకే దుర్లభమైనది. 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కులను కొంత సడలించినారు. ఇంటికి వచ్చిన సేవ మంచిదా అని పరీక్షించేవాడు తప్పక అడగవలసిన మాట ఇది: మందు నొప్పి వచ్చిన తరువాత ఇస్తున్నారా, వేళప్రకారం నొప్పి రాకముందే ఇస్తున్నారా? రెండవది జరిగితే రాత్రి పన్నెండు గంటలకు ఆ ఇంట అందరూ నిద్రపోతూ ఉంటారు.

సేవకులు మొదట మందుల సంచితో వెళ్ళినారు; కొన్ని ఇండ్లలో మందుకంటె ముందు బియ్యం కావాలని తెలిసినది. సంపాదించేవాడు మంచాన పడితే పిల్లల బడి ఆగుతుంది. బియ్యం ఇవ్వడం, పుస్తకాలు కొనడం ఆ సంఘాల పనిలో చేరినవి. వైద్యసేవను పరీక్షించేవారి కాగితంలో బియ్యానికి గడి ఉండదు. ఈ గడిని పెట్టింది ఇరుగుపొరుగువారు. పొయ్యి వెలిగినదీ లేనిదీ వారికి గోడ ఇవతలినుండే తెలుస్తుంది.

అంతమాత్రాన ఈ ఏర్పాటులో లోపాలు లేవనరాదు. ఎన్ని ఇండ్లు తిరిగినారని లెక్క అడిగితే ఇండ్ల సంఖ్య పెరుగుతుంది. ఒక్కొక్క ఇంట కూర్చునే కాలం తరుగుతుంది. మూత్రపు గొట్టం మార్చి, రక్తపుపోటు చూచి, పుస్తకంలో సంతకం పెట్టి పోవడం కూడ ఒక దర్శనమే అవుతుంది. మరొక లోపం దీనికంటె లోతైనది. నేర్పితే చేసేవారు ఇంట ఉండాలి గదా. ఆ ఉండేది స్త్రీ. పంచాయతీ ఎంత గొప్పగా సేవ చేసినా, 167 గంటలు ఆమెవే. ఆమె నిద్ర, ఆమె నడుమునొప్పి, ఆమె విడిచిపెట్టిన పని సేవ ఖర్చులో చేరవు. కొడుకులు గల్ఫులో ఉండి ముసలిదంపతులు మాత్రమే మిగిలిన ఇంట, డెబ్బైయేండ్ల భార్య ఎనభైయేండ్ల భర్తను ఒత్తిగిలజేయాలి. సేవను పరీక్షించేవాడు మంచం మీది మనిషి వీపు చూచిన తరువాత, మంచం పక్కనున్న మనిషి కళ్ళక్రింది నలుపు కూడ చూడాలి.

మన ప్రాంతంలో తెలంగాణ ప్రభుత్వం 2017లో చేవెళ్ళలో ఇట్టి కేంద్రాన్ని ప్రారంభించి, తరువాత ఇతర జిల్లాలకు విస్తరించినది. ఇండ్లకు తిరిగే సేవకు ‘ఆలన’ అని పేరు పెట్టినారు. పసిబిడ్డకు వాడే మాటను పెద్దలకు వాడినారు. పేరు మంచిది, అయితే పెద్దవారిని పసిబిడ్డలుగా భావించడం ఇంటిసేవలో సామాన్యమైన దోషమని కూడ గుర్తుంచుకోవాలి. తాను ఎప్పుడు తినేదీ, ఏ చీర కట్టేదీ, ఎవరిని చూడదలచినదీ నిర్ణయించుకొనే హక్కు మంచంతోపాటు పోదు.

ధనికదేశాలలో ఈ చిక్కులు తీరినవనుకోవడం పొరపాటు. ఇంగ్లండులో ఇంటిసేవను తనిఖీ చేసే ప్రభుత్వసంస్థ ఉన్నది; సేవ నిరపాయమా, ఫలవంతమా, దయగలదా, అవసరాన్నిబట్టి నడుస్తున్నదా, నిర్వహణ బాగున్నదా అని ఐదు ప్రశ్నలు వేస్తుంది. ఇంత ఉన్నా అక్కడ పావుగంట దర్శనాలు పెద్ద చర్చకు కారణమైనవి. పావుగంటలో ముసలివానిని లేపి, కడిగి, బట్టకట్టి, తినిపించి, తరువాతి ఇంటికి పరుగెత్తాలి. 2015లో అక్కడి ఆరోగ్యప్రమాణాల సంస్థ, ప్రత్యేక కారణముంటే తప్ప అరగంటకు తగ్గరాదని సూచించవలసివచ్చినది. తినిపించేవారు గడియారం చూస్తే తినేవాడు ముద్ద మింగకుండానే చాలునంటాడు. ఆకలి లేదని పుస్తకంలో వ్రాస్తారు.

మన నగరాలలో జీతానికి కుదిరే సేవికల సంగతి వేరు. పన్నెండు గంటలకొకరుగా వస్తారు. వారిలో చాలామంది దూరప్రాంతాలనుండి వచ్చిన పేద స్త్రీలు. రోగి భాష వారికి రాదు, వారి భాష రోగికి రాదు. వారిని పంపే సంస్థ రోజుకు ఇంత అని పుచ్చుకొంటుంది. అందులో ఆమెకు ఎంత ముడుతుందో ఇంటివారు అడగరు. ఆ సేవిక ఎక్కడ పడుకొంటుంది, ఏ వేళకు తింటుంది, ఏ పళ్ళెంలో తింటుంది? రోగి ఎంగిలి ఎత్తే చేతికి వేరు గ్లాసు పెట్టే ఇండ్లు నేటికీ ఉన్నవి. ఆ ఇంట సేవ ఎంత బాగున్నదని పత్రం వ్రాయించుకొన్నా, సేవలో సగం అప్పటికే చెడిపోయి ఉన్నది. నెలకొక సేవిక మారుతున్నదంటే, సేవికలందరూ చెడ్డవారే అని ఇంటివారు చెబుతారు. పరీక్షకుడు ఆ మాటను వ్రాసుకొని, వేరు గ్లాసును కూడ వ్రాసుకోవాలి.

డొనబేడియన్ చివరి దినాలు ఈ సందర్భాన గుర్తుకు వస్తాయి. గుణపరీక్షకు సూత్రాలు వ్రాసిన ఆ మనిషికి క్యాన్సరు వచ్చినది. తాను జీవితకాలం పరీక్షించిన వ్యవస్థలోనే రోగిగా ప్రవేశించినాడు. 2000 సంవత్సరంలో మరణించినాడు. దానికి ముందు ఆయనతో జరిపిన సంభాషణ మరుసటి సంవత్సరం ప్రచురితమైనది. తనకు జరిగిన వైద్యంలోని లోపాలను అందులో విమర్శించినాడు. కడపట, గుణానికి రహస్యం ప్రేమ అన్న అభిప్రాయానికి వచ్చినాడు. కొలతలు ఎరుగనివాడు ఈ మాట అంటే భావుకత అనుకొంటారు. ముప్పై ఏండ్లకు పైగా లెక్కలు వేసినవాడు అన్నాడు కాబట్టి కొట్టివేయడం కష్టం. లెక్కలు వద్దని ఆయన అనలేదన్నది కూడ మరువరాదు. ప్రేమ ఉన్నదని చెప్పుకొనే ఇండ్లలోనే వీపున పుండ్లు పడడం అందరూ ఎరిగినదే.

కేరళలో ఇంటిసేవ చేసేవారికి ఒక ఆచారం ఉన్నది. రోగి మరణించిన కొన్నాళ్ళకు ఆ ఇంటికి మరొకసారి వెళ్తారు. అప్పుడు చూడడానికి నాడి లేదు, కడగడానికి పుండు లేదు. ఇంటివారితో కూర్చుని మాట్లాడుతారు, ఎక్కువగా వింటారు. ఇన్నాళ్ళు భయానికో మర్యాదకో చెప్పని సంగతులు ఆనాడు చెబుతారు: ఏ రాత్రి మందు చాలలేదు, ఏ మాటకు ఆయన నొచ్చుకొన్నాడు, ఎవరు వస్తే ఎదురుచూచేవాడు. సేవను గూర్చి అంత నిజమైన సాక్ష్యం మరెప్పుడూ దొరకదు. మిగిలిన మార్ఫిను మాత్రలను లెక్కపెట్టి తీసుకొంటారు. పుండు పడకుండా సంఘం ఎరువిచ్చిన గాలిపరుపును తుడిచి, గాలితీసి, చుట్టి జీపులో వేసుకొంటారు. దానికోసం మరొక ఇల్లు కనిపెట్టుకొని ఉంటుంది.